ఓవెన్ పంపారు సరే, గిన్నెలేవి?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, రాత్రి భోజనాల వేళ అమ్మ ఫ్రిజ్‌లోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. ఎప్పుడో బిర్యానీ పార్సిల్‌తో వచ్చిన డబ్బా అది. అందులో ముందురోజు మిగిలిన పండుగప్ప చేప పులుసు ఉంది. ఆ పులుసు గిన్నెలోకి వంపి, డబ్బా కడుగుతుంటే చేతికి ఏదో గరుగ్గా తగిలింది. వెలుతురులో పెట్టి చూశాను. లోపలి గోడకి చుట్టూ ఒక గీత. అక్కడ ప్లాస్టిక్ తెల్లబారి, సన్నటి గుంతలు పడి, పసుపు ఎరుపు కలిసిన రంగు పట్టేసి ఉంది. ఆ గీతకి కింద డబ్బా నున్నగానే ఉంది, పైనా నున్నగానే ఉంది. పులుసు మీద నూనె తేలి నిలిచే మట్టం ఎంతో, సరిగ్గా అంత మేరే పాడైంది.

"ఓవెన్లో ఇందులోనే వేడి చేస్తున్నావా అమ్మా?"

"అవునే. స్టీలు పెట్టకూడదని తమ్ముడు చెప్పాడు కదా. అందుకని ఇలాంటివి నాలుగు కడిగి దాచుకున్నాను."

తమ్ముడు చెప్పినదాంట్లో తప్పు లేదు. అమ్మ చేసినదాంట్లోనూ తప్పు లేదు. ఏది పెట్టకూడదో చెప్పి, ఏది పెట్టాలో చెప్పకుండా మైక్రోవేవ్ ఓవెన్ పంపేశాం. తప్పు అక్కడుంది. తమ్ముడు డబ్బు కట్టాడు, నేను మోడల్ చూసి పెట్టాను. గిన్నెల సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ గరుకు గీత అప్పటినుంచి నా మనసులోంచి పోవడం లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర, గోదావరి పాయ అయిన వశిష్ఠ గట్టుకి ఆనుకుని ఉన్న ఊరు. మా వీధిలో సగం ఇళ్ళలో పెద్దవాళ్ళే ఉంటున్నారు. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగుళూరులోనో, ఇంకా దూరానో. కొబ్బరి తోట కౌలుకిచ్చి, ఇల్లు కనిపెట్టుకుని ఇద్దరేసి మనుషులు ఉంటారు. పిల్లలు ముందు ఫ్రిజ్ పంపుతారు, తర్వాత ఇన్వర్టర్, ఆ తర్వాత ఓవెన్. అది మంచి పనే అని నా నమ్మకం. "గ్యాసు పొయ్యి ఉండగా ఆ పెట్టె ఎందుకు" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. పొయ్యి మీద పాలు పెట్టి, వీధరుగు మీద ఎవరో పలకరిస్తే అక్కడే కూర్చుండిపోతారు. అమ్మకి మోకాళ్ళు. పమిట చెంగు ఎటుందో చూసుకునే ఓపిక రాత్రిపూట ఉండదు. ఓవెన్లో మంట లేదు. రెండు నిమిషాలు పెడితే రెండు నిమిషాలకి దానంతట అదే ఆగిపోతుంది. మరిచిపోయినా ఇల్లు అంటుకోదు. వయసు మీదపడిన మనుషులకి ఇంతకంటే పనికొచ్చే పొయ్యి ఇంకోటి లేదని నేను గట్టిగా అంటాను.

కానీ మన భయమంతా తప్పు చోట ఉంది. అమ్మ ఓవెన్ నొక్కి గదిలోంచి బయటికి వచ్చేస్తుంది. కిందటేడు మా పిన్ని కూతురు నెల తప్పి ఉన్నప్పుడు వంటింట్లోకే రానివ్వలేదు. "రేడియేషన్ తగులుతుందే" అని. తలుపు దగ్గర ఇంత జాగ్రత్త పడే మనిషి, తలుపు లోపల పెట్టే డబ్బా గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. మా వీధిలో ఆరేడు ఇళ్ళు చూశాను, అన్నిచోట్లా ఇదే తీరు.

ముందు ఆ రేడియేషన్ మాట తేల్చేద్దాం. ఓవెన్లో పుట్టేవి సూక్ష్మ తరంగాలు, అంటే మైక్రోవేవ్‌లు. రేడియో, వైఫై, సెల్‌ఫోను తరంగాల కుటుంబానికి చెందినవే. ఇంటి ఓవెన్ 2,450 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, వైఫై కూడా దాదాపు ఆ చుట్టుపక్కలే. ఎక్స్‌రే లాగా అణువుల్ని విరగ్గొట్టే శక్తి వీటికి లేదు. తిండిలో ఉన్న నీటి అణువుల్ని అటూ ఇటూ తిప్పి వేడి పుట్టిస్తాయి, అంతే. ఓవెన్ ఆగిన క్షణాన తరంగాలూ ఆగిపోతాయి. స్విచ్ తీసేస్తే దీపం వెలుగు గదిలో మిగలదు కదా, ఇదీ అలాగే. అన్నంలో, కూరలో ఏమీ మిగిలిపోదు.

తలుపు అద్దం వెనక చిల్లుల రేకు ఉంటుంది, చూసే ఉంటారు. ఈ తరంగం పొడవు పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు. ఆ చిల్లులు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. వెలుతురు దాటి వస్తుంది, ఈ తరంగం దాటలేదు. తలుపు తీస్తే ఆగిపోవడానికి లోపల ఒకటికి మించి స్విచ్‌లు పెడతారు. అమెరికాలో 1971 నుంచి ఉన్న నియమం ప్రకారం ఓవెన్ జీవితకాలమంతా, దాని పైతలానికి 5 సెంటీమీటర్ల దూరంలో, చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లకి మించి బయటికి రాకూడదు. నాలుగడుగులు వెనక్కి జరిగితే అది లెక్కలోకే రాదు. కాబట్టి తలుపు సరిగ్గా మూసుకుంటున్నంత వరకు పక్కన నిలబడవచ్చు. తలుపు వంగితే, కీలు ఊగితే, అంచున ఉండే సీలు చీలితే మాత్రం ఆ ఓవెన్ వాడకూడదు. మా వైపు సముద్రం గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. అంతర్వేది దగ్గర మా మేనత్తగారింట్లో ఓవెన్ లోపలి గోడకి పెయింటు లేచి తుప్పు కనిపించింది. అలాంటి చోట నిప్పురవ్వలు లేస్తాయి. అది కూడా పక్కన పెట్టెయ్యాల్సినదే.

ఇక గిన్నెలు. నా బాధంతా వీటి గురించే.

ఆ డబ్బా మీద గీత ఎందుకు పడింది? నీళ్ళు ఎంత మరిగినా 100 డిగ్రీలు దాటవు. నూనె దాటుతుంది. పంచదార, బెల్లం పాకం కూడా దాటుతాయి. చేపల పులుసు మీద నూనె తేలి నిలుస్తుంది, అదే మన పులుసుకి అందం. ఓవెన్లో పెట్టినప్పుడు ఆ పై పొర డబ్బా గోడని తాకే చోట ప్లాస్టిక్ మెత్తబడి గుంతలు పడుతుంది. ఆ గుంతల్లో పోయిన ప్లాస్టిక్ ఎక్కడికి వెళ్ళినట్టు? పులుసులోకే. 2023లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు పసిపిల్లల ఆహారం అమ్మే ప్లాస్టిక్ డబ్బాల్ని మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు వేడి చేసి చూశారు. కొన్నిటిలో ఒక్క చదరపు సెంటీమీటరు ప్లాస్టిక్ నుంచి 40 లక్షలకు పైగా సూక్ష్మ రేణువులు, ఇంకా చిన్నవి 200 కోట్లకు పైగా బయటపడ్డాయి. ఫ్రిజ్‌లో పెట్టినప్పటి కంటే, బయట ఉంచినప్పటి కంటే ఓవెన్లో వేడి చేసినప్పుడే ఎక్కువ వచ్చాయి. వాళ్ళు ఆ డబ్బాల్లో పోసి వేడి చేసింది ఉత్త నీళ్ళు, పలుచటి ఆమ్లం మాత్రమే. మన పులుసులో చింతపండు ఉంది, నూనె ఉంది, ఉప్పు కారం ఉన్నాయి.

"మైక్రోవేవ్ సేఫ్ అని రాసుంది కదా" అని అడుగుతారు. త్రికోణంలో ఉండే 5 అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. డబ్బా అడుగున అలల గీతలు ఉంటే, అది వేడికి కరిగిపోదు, ఆకారం పోదు అని ఎక్కువగా దాని అర్థం. అందులోంచి ఏదీ తిండిలోకి దిగదని హామీ కాదు. పార్సిల్ డబ్బాలు ఒక్కసారి వాడి పారేయడానికి చేసినవి. మనం వాటిని కడిగి, ఎండలో బోర్లించి, ఏడాది వాడతాం. పారేయడానికి మనసొప్పదు, ఆ పొదుపు నాకు అర్థమవుతుంది. నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. దాచుకోండి. ఎండుమిరపకాయలు పోసుకోండి, చింతపండు ఉండలు పెట్టుకోండి. వేడి మాత్రం తగలనివ్వకండి. మూడు నెలలు వాడిన డబ్బా, పసుపు రంగు పట్టేసిన డబ్బా, గీరుకుపోయిన డబ్బా అయితే అసలే వద్దు. తెల్లగా, తేలిగ్గా ఉండే థర్మోకోల్ గిన్నెలూ పనికిరావు.

మెలమైన్ సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే అది ఒక రకం గట్టి ప్లాస్టిక్కే అయినా చూడ్డానికి పింగాణీలా ఉంటుంది. గృహప్రవేశాలకీ పెళ్ళిళ్ళకీ పువ్వుల బొమ్మలతో ఇచ్చే ప్లేట్ల సెట్లు చాలా వరకు అవే. కింద పడినా పగలవు. గోటితో కొడితే పింగాణీలా ఖంగున మోగవు, మొద్దుగా టకటకమంటాయి. చల్లటి తిండి తినడానికి పర్వాలేదు. ఓవెన్లో పెడితే ఆ ప్లేటే వేడెక్కి, దాన్ని తయారుచేసిన రసాయనం తిండిలోకి దిగుతుంది, పుల్లటి పదార్థమైతే ఇంకాస్త ఎక్కువగా. అమ్మ దగ్గర అలాంటి ఆరు ప్లేట్లున్నాయి. పింగాణీ అనుకుని వాటితోనే గిన్నెల మీద మూత పెట్టేది.

అదే అద్దాల బీరువాలో బంగారు అంచు కప్పులు కూడా ఉన్నాయి. అవి నిజమైన పింగాణీయే, కానీ ఆ అంచు నిజమైన లోహం. వెంట్రుకంత సన్నటి లోహపు గీత మీద తరంగాలు పడితే నిప్పురవ్వలు చిమ్ముతాయి, ఆ గీత నల్లగా కాలిపోతుంది. అల్యూమినియం ఫాయిల్ మూలలు, ఫోర్కు ముళ్ళు, పార్సిల్ పొట్లానికి కొట్టిన స్టేప్లర్ పిన్ను, అన్నిటిదీ ఇదే కథ. లోహంలో మొన తేలినచోట, సన్నబడినచోట విద్యుత్తు పోగవుతుంది. అక్కడినుంచి ఎగురుతుంది.

స్టీలు గిన్నె మాటేమిటి మరి? మన వంటిల్లంతా స్టీలే కాబట్టి ఇది సూటిగా చెప్పుకోవాలి. నున్నటి స్టీలు గిన్నె పెట్టగానే పేలిపోదు. ఒక్కోసారి ఏమీ అవ్వదు కూడా. అలా ఏమీ అవ్వకపోవడం వల్లే కొందరు "మేము పెడుతూనే ఉన్నాం, ఏం కాలేదు" అంటారు. కానీ స్టీలు తరంగాల్ని తనలోంచి పోనివ్వదు, తిప్పికొడుతుంది. గిన్నెలో ఉన్న తిండికి పైనుంచి తప్ప ఇంకే వైపు నుంచీ వేడి అందదు. ఆ గిన్నె ఓవెన్ గోడకి దగ్గరగా జరిగినా, అందులో చెంచా మరిచిపోయినా రవ్వలు లేస్తాయి. తిరిగొచ్చిన తరంగాలు వాటిని పుట్టించే మాగ్నెట్రాన్ మీదే పడి దాన్ని పాడుచేస్తాయి. ఓవెన్‌ని ఖాళీగా తిప్పకూడదనేది కూడా ఇందుకే. మనవలు వచ్చి బటన్లతో ఆడే ఇల్లయితే లోపల ఎప్పుడూ ఒక కప్పు నీళ్ళు ఉంచండి.

ఇప్పుడు అసలు గందరగోళం. మీరు కొన్నది కన్వెక్షన్ ఓవెన్ అయితే, అది ఒకే పెట్టెలో రెండు పొయ్యిలు. మైక్రో బటన్ నొక్కితే తరంగాలు. కన్వెక్షన్, గ్రిల్ నొక్కితే వేడి గాలి, ఎర్రగా కాలే కడ్డీ. మొదటిదానికి లోహం వద్దు, గాజు కావాలి. రెండోదానికి లోహం పనికొస్తుంది, ప్లాస్టిక్ పెడితే కరిగి కారుతుంది. కేకు కోసం ఇచ్చిన అల్యూమినియం గిన్నె, గ్రిల్ కోసం ఇచ్చిన ఇనుప స్టాండు రెండో పొయ్యివి. మా అమ్మ ఓవెన్లో ఆ స్టాండు ఎప్పుడూ లోపలే ఉండేది, పెట్టెతో వచ్చింది కదా అని. ఆ స్టాండు మీదే డబ్బా పెట్టి మైక్రో నొక్కేది. ఇంట్లో పెద్దవాళ్ళు కేకులు చేసుకోరు కాబట్టి ఆ స్టాండూ గిన్నే తీసి అటక మీద పెట్టించాను. వాళ్ళకి కన్వెక్షన్ అక్కర్లేనే లేదు. ఇప్పుడైతే మైక్రో ఒక్కటే ఉండి, బటన్లు తక్కువగా ఉండే మామూలు సోలో ఓవెనే కొనేదాన్ని.

గాజు గురించి అందరూ తేలిగ్గా చెప్పేస్తారు. మామూలు గాజు వేరు, వేడికి తట్టుకునేలా చేసిన బోరోసిలికేట్ గాజు వేరు. వేడికి వ్యాకోచించడంలో రెండోది మొదటిదాంట్లో దాదాపు మూడో వంతే. అందుకే అంత తేలిగ్గా పగలదు. అలాగని ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెని వెంటనే పెట్టకండి, కాసేపు బయట ఉంచండి. వేడి గిన్నెని తడి గ్రానైటు బండ మీద దించకండి, చెక్క పీట మీదో మడత పెట్టిన గుడ్డ మీదో దించండి. ప్లాస్టిక్ మూతతో వచ్చిన గాజు గిన్నెలుంటాయి. ఆ మూత ఫ్రిజ్ కోసం, ఓవెన్ కోసం కాదు. ఓవెన్లో ఇంకో గాజు పళ్ళెం వదులుగా బోర్లించండి. గట్టిగా బిగించిన మూత ఆవిరికి పేలుతుంది.

ఇంట్లో ఉన్న పింగాణీ కప్పో, పాత జాడీయో పనికొస్తుందా లేదా తెలియకపోతే చిన్న పరీక్ష ఉంది. ఖాళీ కప్పు ఒకటి, దాని పక్కన గాజు గ్లాసులో నీళ్ళు పెట్టి ఒక్క నిమిషం తిప్పండి. నీళ్ళు వెచ్చబడి కప్పు చల్లగా ఉంటే పనికొస్తుంది. నీళ్ళు చల్లగానే ఉండి కప్పు కాలిపోతుంటే ఆ కప్పే వేడిని లాగేసుకుంటోంది, వద్దు. ఈ పరీక్ష లోహపు అంచు ఉన్నవాటికీ ప్లాస్టిక్‌కీ చెయ్యకూడదు.

మా వైపు వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న మట్టి దాక గురించి. వరద నీళ్ళు ఎర్రగా వచ్చే రోజుల్లో పులస చేప దొరికితే దాకలోనే వండుతాం, వండిన రోజు కాక మర్నాడు తింటాం. మరి మర్నాడు ఆ దాకనే ఓవెన్లో పెట్టవచ్చా? వద్దనే నా మాట. పూత లేని మట్టి తడిని పీల్చుకుంటుంది. ఆ తడి వేడెక్కి దాక మనం పట్టుకోలేనంత కాలుతుంది, ఒక్కోసారి నెర్రె ఇస్తుంది. పులసకి పుస్తెలమ్మేంత విలువ కట్టిన వాళ్ళం, దాన్ని దాకతో సహా పొయ్యి మీద సన్న సెగన వెచ్చబెట్టుకోవడమే మర్యాద. ఆకులకి మాత్రం భయం లేదు. అరిటాకు ముక్కలో చుట్టినవి, పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు ఆకుతో సహా పెట్టుకోవచ్చు. గుచ్చిన పుల్ల కూడా పుల్లే కదా. పైన రెండు చుక్కలు నీళ్ళు చిలకరిస్తే అప్పుడే దించినట్టు మెత్తగా అవుతాయి. న్యూస్ పేపర్ మాత్రం పెట్టకండి. అది అంటుకుంటుంది, ఆ సిరా తిండికి పడుతుంది.

అన్నం వేడి చేసేటప్పుడు ముద్దలా పెట్టకండి. ఈ తరంగాలు తిండిలోకి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే గట్టిగా పోతాయి, మధ్యలోకి వేడి మెల్లగా పాకాలి. పరిచి, మధ్యలో గుంట చేసి, కాస్త నీళ్ళు చల్లి మూత పెట్టండి. సగంలో ఆపి కలపండి. పళ్ళెం తిరిగినా లోపల కొన్నిచోట్ల వేడి ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ. గడ్డకట్టిన రొయ్యలకి ఇది మరీ ఎక్కువ. మంచు తరంగాల్ని సరిగ్గా పీల్చుకోదు, కరిగిన నీళ్ళు పీల్చుకుంటాయి, అందుకని అంచులు ఉడికిపోయి మధ్యలో రాయిలా ఉంటుంది. డీఫ్రాస్ట్ బటన్ ఆగి ఆగి పనిచేసేది అందుకే. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని మాత్రం ఏ ఓవెనూ బాగుచెయ్యలేదు. మా వైపు ఉక్కకి అందులో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం వేడికి పోదు.

ఇంకో మూడు విషయాలకి మాత్రం నాకు నిజంగా భయం. ఒకటి, పసిపిల్లల పాలసీసా. సీసా బయట గోరువెచ్చగా ఉంటుంది, లోపల ఒక చోట పాలు నోరు కాలేంత వేడిగా ఉంటాయి. సీసాని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చబెట్టండి, ఓవెన్ జోలికి పోకండి. రెండు, గుడ్డు. పెంకుతో పెడితే పేలుతుంది. ఉడికించి పెంకు తీసిన గుడ్డు కూడా, ఒక్కోసారి బయటికి తీశాక, కొరికినప్పుడు పేలుతుంది. మూడు, కాఫీకి కాచే నీళ్ళు. మరిగే నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కానీ, నున్నటి కప్పులో నీళ్ళు ఒక్కోసారి మరగకుండా, బుడగ రాకుండానే దాటిపోతాయి. చూస్తే కదలకుండా ఉంటాయి. పొడి వెయ్యగానే ఒక్కసారిగా ముఖం మీదికి ఎగుస్తాయి. కప్పులో ఒక చెక్క చెంచా వేసి పెట్టండి, ఆగాక అర నిమిషం తలుపు తియ్యకండి. నాన్నగారికి ఇది మూడుసార్లు చెప్పాను.

కరెంటు సంగతీ చూడాలి. ఓవెన్ మీద 800 వాట్లు అని ఉంటే అది తిండికి అందేది. గోడలోంచి లాగేది 1,200 చుట్టూ ఉంటుంది, కన్వెక్షన్ అయితే 2,000 కూడా దాటవచ్చు. చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర మోయగలిగింది 1,380 వాట్లే. మా ఇంట్లో ఎక్స్‌టెన్షన్ పెట్టెకి మిక్సీతో కలిపి పెట్టారు, ప్లగ్గు గోధుమ రంగుకి మాడింది. 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించి, ఎర్తింగ్ చూపించాం. తుపాను రోజుల్లో కరెంటు పోయి వచ్చేటప్పుడు ప్లగ్గు తీసి ఉంచమన్నాను. పాడైతే ఊళ్ళో ఎవరి చేతా విప్పించవద్దన్నాను. లోపలి కెపాసిటర్‌లో ప్లగ్గు తీసేశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు నిలవుంటుంది. కంపెనీ మనిషే రావాలి.

వచ్చేముందు రాజోలు వెళ్ళి రెండు గాజు గిన్నెలు, ఒక పళ్ళెం, ఒక చెక్క చెంచా కొన్నాను. ఓవెన్ ధరలో పదో వంతు కూడా కాలేదు. ఎక్కడెక్కడో ఉంటూ ఊళ్ళో అమ్మానాన్నలకి ఓవెన్ పంపినవాళ్ళు ఈ వారంలో ఒక్క వీడియో కాల్ చేసి, "అందులో ఏం పెడుతున్నారో చూపించండి" అని అడగండి. గిన్నె తిప్పి అడుగు చూపించమనండి. డబ్బా కనిపిస్తే గాజు గిన్నెలు పంపండి. మాటల్తో చెప్పి ఊరుకోకండి, చేతికి గిన్నె అందితేనే డబ్బా పక్కకి పోతుంది.

నిన్న రాత్రి ఫోన్ చేస్తే నాన్నగారు ఎత్తారు. పప్పుచారు వేడి చేసుకున్నారట, మధ్యలో ఆపి కలిపారట. పక్కింటి అత్తయ్యగారు ఆ గిన్నెలు చూసి, అలాంటివే తమకీ రెండు తెమ్మన్నారట. ఉగాదికి వచ్చేటప్పుడు నాలుగు తీసుకురమ్మని అమ్మ వెనకనుంచి కేకేసి చెప్పింది.